లంకపప్పు విషం: ఎస్.ఎల్.ఎన్. రావు పరిశోధన పత్రాలు

మన పాతపట్నం వైపు వరి కోతకి ముందే, మడిలో తడి ఆరకముందే మినుములో పెసలో చల్లేస్తారు. ఆ తడితోనే పండుతాయి. ఛత్తీస్‌గఢ్, బీహారు రైతులు ఇదే తీరున చల్లే పంట కేసరిపప్పు. తెలుగులో లంకపప్పు అంటారు. వాన మొహం చాటేసినా, మడి మునిగినా బతికే మొండి మొక్క. కరవు ఏడు మిగతావన్నీ మాడిపోతే తిండికి ఇదే దిక్కు. నెలల తరబడి ఇదే తిన్నవాళ్లలో కొందరికి కాళ్లు బిగుసుకుపోతాయి, మడమ నేలకి ఆనదు, కర్ర లేనిదే అడుగు పడదు. బుద్ధికి ఏ లోటూ ఉండదు. కాళ్లు మాత్రం మళ్లీ స్వాధీనంలోకి రావు. 1961లో కేంద్రం ఈ పప్పు అమ్మకాన్ని నిషేధించేనాటికి, అందులోని విషం ఏమిటో ఇంకా తేలలేదు.

దాన్ని తేల్చినవారిలో ఎస్.ఎల్.ఎన్. రావు ముఖ్యుడు. బెంగుళూరు ఐఐఎస్సీలో పి.ఎస్. శర్మ ప్రయోగశాలలో పి.ఆర్. అడిగతో కలిసి ఆ పని చేశారు. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయ జీవరసాయన శాఖలో ఉన్నారు.

ఆనాటి పని తీరు చెప్పుకోదగ్గది. గింజల పిండిని ఆల్కహాలు కలిపిన నీటిలో ఉంచి సారం తీయాలి. దాన్ని రెసిన్ నింపిన గొట్టంలోంచి దించితే అమైనో ఆమ్లాలు విడివిడిగా దిగుతాయి. ఏది ఎక్కడుందో చూడ్డానికి కాగితం మీద పాకించి నిన్‌హైడ్రిన్ చల్లితే రంగుమచ్చ తేలుతుంది. ఆ మచ్చ విషమో కాదో చెప్పేవి మాత్రం ఒకరోజు వయసున్న కోడిపిల్లలు. సూది వేశాక మెడ వెనక్కి విరుచుకుని గిలగిల్లాడితే దొరికినట్టే. అప్పుడు ఆ పదార్థాన్ని విరగ్గొట్టి చూస్తే రెండు ముక్కలు వచ్చాయి: ఆక్సాలిక్ ఆమ్లం, డయామినోప్రొపియోనిక్ ఆమ్లం. దాన్నే ఇప్పుడు ఓడాప్ అంటున్నారు. 1964లో 'బయోకెమిస్ట్రీ' పత్రికలో వచ్చిన ఆ పత్రం ఇప్పటికీ ఈ రంగంలో మొదట ఉదహరించేది. అదే ఏడు ఢిల్లీ నుంచి టి.ఆర్. శేషాద్రి బృందం కూడా ఈ విషం మీదే పత్రం ప్రచురించింది. శేషాద్రి అంతకుముందు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రాన్ని నిలబెట్టినవారు కనుక ఉత్తరాంధ్ర వాళ్లం కొంచెం గర్వపడొచ్చు.

1967లో 'నేచర్'లో ఈ విషంతో కోతుల మీద చేసిన ప్రయోగం వచ్చింది. నాడీ ఔషధ శాస్త్రం ఆ తర్వాత ఈ అణువుని తన పనిముట్టుగా చేసుకుంది. మెదడులో గ్లూటమేట్ అనే సంకేత రసాయనాన్ని అందుకునే ఆంపా గ్రాహకాలను ఇది అతిగా రెచ్చగొడుతుంది. ఆ రెచ్చగొట్టడంలోనే నాడీకణం చనిపోతుంది. మితిమీరిన ఉద్రేకంతో కణం చావడమన్న ఆలోచనని ఆహారంలోంచి వచ్చే జబ్బుకి ముడిపెట్టడానికి 1986లో 'లాన్సెట్'లో స్పెన్సర్ బృందం ఈ లంకపప్పునే తీసుకుంది.

అయినా నాకు రావుగారి పత్రాల్లో ఎక్కువ నచ్చేది 1978 నాటిది. పేరుకి అది ఒక కొలత పద్ధతి, అంతే. సారాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌తో మరిగే నీటిలో అరగంట ఉంచి, ఆర్థో థాలాల్డిహైడ్ కలిపితే పసుపు రంగు వస్తుంది. 420 నానోమీటర్ల దగ్గర దాని చిక్కదనం చదివితే విషం ఎంతో తెలిసిపోతుంది. ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఇథియోపియాలోనైనా, బంగ్లాదేశ్‌లోనైనా విషం తక్కువున్న రకాలు ఎంచుకునేవాడు వేల నమూనాలు చూడాలి కదా! విషం కనిపెట్టినవాడికి పేరు దక్కుతుంది. కొలబద్ద ఇచ్చినవాడి పత్రాన్ని మాత్రం జనం చదవకుండానే వాడుకుంటారు. పత్రాలు లెక్కపెట్టి మనిషిని తూచే మన పద్ధతికి ఈ తేడా అందదు. రావుగారి కొలత పద్ధతికీ ఒక లోపముంది. వేడికి ఓడాప్‌లో కొంత, విషం తక్కువుండే ఆల్ఫా రూపానికి మారుతుంది, పసుపు రంగు మాత్రం రెండింటికీ వస్తుంది. విడివిడిగా చూడాలంటే హెచ్‌పీఎల్‌సీ లాంటి, పదార్థాలను విడదీసే యంత్రం కావాల్సిందే.

2011లో ఆయన రాసింది ఇంకో వింత. తాను విషమని నిరూపించిన పదార్థానికి మంచి వైపు కూడా చూడమన్నారు. చైనాలో రక్తస్రావం ఆపడానికి వాడే ఒక జిన్‌సెంగ్ రకంలో ఉన్నది ఈ ఓడాపే. 1963లో ఆయన బృందం ఇదే పప్పులోంచి వేరుచేసిన హోమోఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం రక్తంలో తగ్గినవారికి గుండెజబ్బు మరణాలు ఎక్కువని 2010లో జర్మనీ పరిశోధకులు చూపారు. కరవులో ఇదొక్కటే తినడం వేరు, రోజూ తిండిలో కొంచెం కలవడం వేరు అన్నది ఆయన వాదన. నిషేధం ఎత్తేయాలా వద్దా అన్న వాదులాటలో రెండు పక్షాలవాళ్లూ ఉదహరించడానికి ఆయన పత్రాలు దొరుకుతాయి.