అడిగినవారికి ఇవ్వబడును

కర్మణి ప్రయోగం మీద ఈ కాలమిస్టుకున్న కోపం పాఠకులకు కొత్త కాదు. ‘చర్యలు తీసుకోబడును’ అని ఎక్కడ కనబడ్డా, తీసుకునేదెవరయ్యా అని పేపరుతో పోట్లాడే మనిషి. ఈ వారం ఆ పోట్లాట బోస్టన్ దాకా వెళ్లింది.

అక్కడ ఒక ల్యాబులో పోస్ట్‌డాక్ చేస్తున్న మేనకోడలు రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో రెండు పేజీలు పడేసి, “మామయ్యా, ఒక్కసారి చూసిపెట్టవా, ఎల్లుండి గ్రాంటు అప్లికేషన్‌తో పాటు వెళ్లాలి” అంది. పైన పేరు: డేటా మేనేజ్‌మెంట్ అండ్ షేరింగ్ ప్లాన్. అమెరికాలో వైద్య పరిశోధనలకు ప్రభుత్వం తరఫున డబ్బిచ్చే ఎన్‌ఐహెచ్, 2023 జనవరి 25 నుంచి శాస్త్రీయ డేటా పుట్టించే ప్రాజెక్టులన్నిటికీ దీన్ని తప్పనిసరి చేసింది. అంతకుముందు 2003 నాటి నిబంధన ఏడాదికి 5 లక్షల డాలర్లు, ఆపైన అడిగేవారి జోలికే వచ్చేది. ఇప్పుడు చిన్నా పెద్దా తేడా లేదు. ఏ డేటా వస్తుంది, ఏ సాఫ్ట్‌వేర్‌తో తెరుచుకుంటుంది, ఏ ప్రమాణాలు పాటిస్తారు, ఎక్కడ, ఎన్నాళ్లు దాస్తారు, ఏ షరతుల మీద ఇస్తారు, ఇదంతా ఎవరు చూసుకుంటారు. ఇలా ఆరు శీర్షికలు. రెండు పేజీలు దాటొద్దని సలహా.

ఐదో శీర్షిక కింద దొరికింది ఆ వాక్యం: తగిన కారణంతో కోరినవారికి డేటా అందజేయబడును. ఆమె రాసింది ఇంగ్లిషులోనే. అయినా ‘బడు’ ఏ భాషలోనైనా బడే.

ఈ హామీ విలువెంతో తూచి చూసినవాళ్లున్నారు. టిమ్ వైన్స్ బృందం 2 నుంచి 22 ఏళ్ల కిందటి 516 పరిశోధన వ్యాసాలు ఎంచుకుని, వాటిలోని మొక్కల, జంతువుల కొలతల డేటా పంపమని రచయితలకు ఈమెయిళ్లు పెట్టింది. కొందరి చిరునామాలే పనిచెయ్యలేదు. కొందరి డేటా, చదివే యంత్రం దొరకని పాత డిస్కుల్లో చిక్కుకుపోయింది. వ్యాసం వయసు ఏడాది పెరిగినప్పుడల్లా డేటా బతికుండే అవకాశాల నిష్పత్తి 17 శాతం చొప్పున పడిపోతోందని 2014లో ‘కరెంట్ బయాలజీ’ పత్రికలో లెక్క తేల్చారు.

తెల్లారగానే ఫోన్ వెళ్లింది. “కర్త లేని వాక్యం తీసెయ్యమ్మా. ఎవరిస్తారో వాళ్ల పేరు రాయి.”

“ఎవరి పేరేంటి మామయ్యా, నాదే. కానీ గ్రాంటు ఐదేళ్లు, నా కాంట్రాక్టు రెండేళ్లు.”

దీనికి కాలమిస్టు దగ్గర జవాబు లేకపోయింది. పైగా తన పెదతాత గుర్తొచ్చాడు. ఆయన కరణం. ఊరి భూముల లెక్కంతా ఆయన అటక మీది పెట్టెలో ఉండేది. అడిగినవారికి ఇవ్వబడేది కూడా, ఆయన ఊళ్లో ఉండి, మనసు బాగుంటే. పేరుంది, ఇల్లుంది, తాతతండ్రుల నుంచి వచ్చిన బాధ్యత ఉంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులు రద్దు చేశాక ఇంట్లో ఎలాగో మిగిలిపోయిన పద్దుల పుస్తకం ఒకటి ఇప్పటికీ కాలమిస్టు బీరువాలో ఉంది. అంచుల్లో చెద తిన్న గాడులు, కలం ఎత్తకుండా సాగిన గొలుసుకట్టు రాత, కొన్ని వరసల చివర చిన్న సున్న. ఆ సున్న శిస్తు కట్టినట్టో, బాకీ ఉన్నట్టో చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఇప్పుడెవరూ లేరు.

పేరు ఒక్కటే సరిపోదన్నమాట. మరి డేటా నిలిచిన చోట ఏముంది? దూరం వెళ్లక్కర్లేదు, పటాన్‌చెరు చాలు. 1975లో అక్కడి అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ సర్వే కోసం ఆరు ఊళ్లను ఎంచుకుంది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, డోకూరు. మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాల్లో చెరి రెండు. ఊరికి 40 ఇళ్లు: కూలీలవి పది, చిన్న, మధ్య, పెద్ద రైతులవి పదేసి. పరిశోధకులు ఆ ఊళ్లలోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటి గడప తొక్కి, ఏం పండింది, ఏం అమ్మారు, ఎవరు కూలికెళ్లారు, ఎంత అప్పు తెచ్చారు అని అడిగి రాసుకున్నారు. ఎలా అడగాలో, ఏ కోడ్‌కు ఏ అర్థమో చెప్పే సూచనల పుస్తకం 1985లో వెలువడింది. మానికల్లో, కుంచాల్లో చెప్పే ఊళ్లో అలాంటి పుస్తకం లేకపోతే ఆ అంకెలకూ పెదతాత సున్నకూ తేడా ఉండదు.

అప్పట్లో షికాగో విశ్వవిద్యాలయంలో ఉన్న ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ ఆ అంకెలు పట్టుకునే 1994లో తన ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఒక ఇంటికి పంట పోయినా ఆ ఇంటి ఖర్చు చాలావరకు ఊరందరి ఖర్చుతో పాటే నడుస్తోందని, అంటే ఊరు కష్టాన్ని ఎలాగో పంచుకుంటోందని చూపించాడు. సర్వే 1980ల మధ్యలో ఆగిపోయింది. 2001లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు పాత ఊళ్లకే, పాత కుటుంబాల దగ్గరికే వెళ్లగలిగారు. దేశదేశాల ఆర్థికవేత్తలు ఇప్పటికీ ఆ డేటా వాడుతున్నారు.

ఆ 1975లో ఏ రెండు పేజీల ప్లానూ లేదు. అమెరికాలోనే పరిశోధనలకు డబ్బిచ్చే మరో ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ ఇలాంటిది అడగడం 2011లో మొదలైంది. ఇక్రిశాట్ ఊళ్లలో అడగడానికి వచ్చే మనిషి మారినా డేటా సంస్థది, ఇళ్ల జాబితా సంస్థది, సూచనల పుస్తకం అందరిదీ. ఇవ్వబడింది, ఎవరి చేత అన్న ప్రశ్నే రాలేదు. ‘బడు’ మీద ఇన్నేళ్లు కత్తిగట్టిన మనిషికి ఇది మింగుడుపడే సంగతి కాదు.

మళ్లీ ఫోన్. ఈసారి మాట డబ్బు మీదికి మళ్లింది. డేటాను శుభ్రం చేసి, వివరాలు రాసి, రిపాజిటరీలో పెట్టే ఖర్చు బడ్జెట్లో చూపుకోవచ్చని ఎన్‌ఐహెచ్ చెబుతోంది. మెలిక ఏంటంటే, ఆ ఖర్చు గ్రాంటు కాలంలోనే అయిపోవాలి. పదేళ్లు దాచాలనుకుంటే ఆ పదేళ్ల రుసుమూ గ్రాంటు ముగిసేలోపే కట్టెయ్యాలి.

సాయంత్రానికి కొత్త ప్రతి వచ్చింది. ‘కోరినవారికి’ పోయింది. దాని స్థానంలో రిపాజిటరీ పేరు, వ్యాసం అచ్చయ్యే రోజు లేదా గ్రాంటు ముగిసే రోజు, ఏది ముందైతే అది. ఆరో శీర్షిక కింద ఆమె పేరు లేదు. ల్యాబ్ డేటా మేనేజర్ అన్న హోదా ఉంది. వాక్యం మాత్రం మళ్లీ ‘జమచేయబడును’ అనే ముగిసింది. కాలమిస్టు దాని జోలికి పోలేదు. బడ్జెట్ పేజీలో ఆ మేనేజర్‌కి సగం జీతం అంటూ కొత్త వరస చేరింది. ప్రొఫెసర్ గారు దాన్నింకా చూడలేదట.