మజిలీ కాని నగరం: విక్రమ్ సేథ్ రచనల్లో నాన్‌జింగ్

యాత్రాచరిత్రకు మజిలీ ప్రాణం. ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ (యాత్రాకాలం 1830-31, ముద్రణ 1838) నాటి నుంచీ తెలుగు పాఠకుడు యాత్రను మజిలీల వరుసగానే చదువుతూ వస్తున్నాడు. బయలుదేరిన ఊరు, దిగిన ఊరు, ఆ రెంటి నడుమ దారి, దారిలో దొరికినవీ దొరకనివీ. చదువుకోసం పరాయి దేశంలో ఒకటి రెండేళ్లు ఉండిపోయే విద్యార్థికి నగరం మజిలీ కాదు, మకాం. అక్కడ అతడు బాటసారీ కాడు, పౌరుడూ కాడు. ఈ నడిమి స్థితిని యాత్రాచరిత్ర అనే ప్రక్రియ ఎంతవరకు మోయగలదన్న ప్రశ్నకు విక్రమ్ సేథ్ చైనా రచనలు మంచి పరీక్ష.

కలకత్తాలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర పరిశోధకులుగా చేరిన సేథ్ 1980 నుంచి 1982 వరకు నాన్‌జింగ్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు. చైనా గ్రామాల ఆర్థిక, జనాభా స్థితిగతులు ఆయన పరిశోధనాంశం. 1962 యుద్ధానంతర కాలంలో దిగజారిన భారత, చైనా దౌత్య సంబంధాలు తిరిగి రాయబారి స్థాయికి చేరింది 1976లోనే. కనుక ఒక భారతీయ విద్యార్థికి ఆ నగరంలో చోటు దొరకడమే నాటికి అరుదైన విషయం. అయినా 1983లో వెలువడి, థామస్ కుక్ యాత్రాగ్రంథ పురస్కారం పొందిన ‘ఫ్రమ్ హెవెన్ లేక్’లో నాన్‌జింగ్ దాదాపు కనిపించదు. కథనం మొదలయ్యేది వాయవ్య సరిహద్దు ప్రాంతమైన షిన్‌జియాంగ్‌లోని తుర్ఫాన్ ఒయాసిస్సులో. విదేశీ విద్యార్థుల బృందంతో 1981 వేసవిలో అక్కడికి చేరిన కథకుడు, తరువాత బృందాన్ని వీడి, టిబెట్, నేపాల్‌ల మీదుగా ఢిల్లీలోని ఇంటికి వెళ్తాడు. చదువుకునే ఊరు పూర్వరంగంలో ఒక చిరునామాగా మిగిలిపోతుంది.

ఈ లోటుకు సులభమైన సమాధానం ఒకటి ఉంది: రోజూ చూసే ఊరిని గురించి ఎవరికీ రాయాలనిపించదు. ఆ సమాధానం చాలదు. నాన్‌జింగ్ 1368 నుంచి 1421 వరకు మింగ్ వంశపు రాజధాని. నాటి కోటగోడ చాలాభాగం నేటికీ నిలిచి ఉంది. 1927లో జాతీయవాద ప్రభుత్వం ఆ నగరాన్నే రాజధాని చేసుకుంది. 1937 డిసెంబరులో జపాను సైన్యం అక్కడ నరమేధం సాగించింది. 1968లో యాంగ్‌ట్జీ నదిపై పూర్తయిన రెండంతస్తుల రైలు, రోడ్డు వంతెన కొత్త చైనా ఆత్మవిశ్వాసానికి గుర్తుగా ప్రచారం పొందింది. ఇంత సామగ్రి ఉన్న నగరం గ్రంథంలోకి రాకపోవడానికి కారణాన్ని ప్రక్రియలోనే వెతకాలి.

‘ఫ్రమ్ హెవెన్ లేక్’ ప్రధానంగా అనుమతి పత్రాల కథ. ఆనాటి చైనాలో విదేశీయుడు చాలా ఊళ్లకు వెళ్లాలంటే ప్రయాణ అనుమతి పత్రంలో ఆ ఊరి పేరు ఉండి తీరాలి. తుర్ఫాన్‌లో ఒక సాయంత్రం కథకుడు ‘ఆవారా’ (1951) చిత్రంలోని పాట పాడతాడు. ఆ సినిమాకు చైనాలో అప్పటికే విశేషమైన ఆదరణ ఉంది. ఆ తరువాతనే పోలీసు కార్యాలయంలో అతని పత్రంపై లాసా పేరు చేరుతుంది. గ్రంథంలోని ఉత్కంఠ చాలావరకు ఈ కోవకు చెందినదే: ముద్ర పడుతుందా, లారీ దొరుకుతుందా, వరదకు దారి కొట్టుకుపోలేదు కదా. నాన్‌జింగ్‌లో నివసించడానికి మాత్రం అతనికి అనుమతి ముందే ఉంది. అడ్డంకులు అక్కడా లేకపోలేదు. విదేశీ విద్యార్థులకు విడి వసతిగృహాలు, 1980లో విదేశీయులకోసం ప్రవేశపెట్టిన విడి కరెన్సీ పత్రాలు ఆ కాలపు వాస్తవాలు. అయితే అవి ఒకసారి దాటి ముందుకు సాగిపోయే అడ్డంకులు కావు. వాటితోనే కాలం గడపాలి. దారి కథకు ఇవి పనికిరావు.

ఆ కాలక్షేపం కవితల్లోకి చేరింది. 1985 నాటి ‘ది హంబుల్ అడ్మినిస్ట్రేటర్స్ గార్డెన్’ సంపుటిలోని మూడు భాగాలకు మూడు చెట్ల పేర్లు: చైనాకు వుతోంగ్, భారతదేశానికి వేప, కాలిఫోర్నియాకు లైవ్ ఓక్. సంపుటి పేరు సుజౌలోని ఒక ప్రాచీన ఉద్యానానిది. వుతోంగ్ ప్రాచీన చైనా కవిత్వంలో శరత్కాలపు వానకు తోడుగా వచ్చే చెట్టు. నాన్‌జింగ్ వీధులకు నీడనిచ్చే చెట్లనూ జనం ఆ పేరుతోనే పిలుస్తారు గాని, అవి నిజానికి పాశ్చాత్యుల ద్వారా వచ్చిన ప్లేన్ జాతి వృక్షాలు. పరదేశి చెట్టుకు స్వదేశీ పేరు నిలిచిన ఊరు అది.

‘నాన్‌జింగ్ నైట్’ కవితలో పాత కోటగోడ పక్కనే సైకిళ్ల చప్పుడు వినిపిస్తుంది. ఇంతకంటె లోతుగా వెళ్లేది ‘ఎ లిటిల్ నైట్ మ్యూజిక్’. ఇందులో ఊరి పేరు లేదు. తెల్లగోడల సందులు యాంగ్‌ట్జీ దిగువ ప్రాంతంలో ఏ ఊరివైనా కావచ్చు. దానిని నాన్‌జింగ్ కవితగా స్థిరపరచడం తొందరపాటే అవుతుంది. వెన్నెల్లో తిరుగుతున్న పరదేశి అర్హు అనే రెండు తీగల వాద్యం వినిపించిన వైపు నడుస్తాడు. ఒక ముంగిట రెండు కుర్చీలు. వృద్ధ వాద్యకారుడు పెద్దగా ఆశ్చర్యపోకుండా సైగ చేసి, తిరిగి వాయించడం మొదలుపెడతాడు. మూడు చతుష్పదుల్లో ఇంతే కథ. అనుమతి పత్రం, ముద్ర, మార్గదర్శి ఎవరూ లేరు. నగరంలో విద్యార్థి సంచారం అంటే ఏమిటో ఆ రెండో కుర్చీ పట్టి చూపిస్తుంది. అయితే కవిత ముగింపు మనుషులంతా సోదరులన్న భావంవైపు మళ్లడం దాని బలహీనత. ఒక గంటసేపు ఇద్దరి మధ్య నిలిచిన మౌనాన్ని విశ్వజనీనం చేయబోయి, ఆ ముసలాయనను ఆ ముంగిటినుంచే వేరుచేసినట్టయింది.

ఇటీవలి దశాబ్దాల్లో వైద్యవిద్యకోసం చైనా నగరాలకు వెళ్లిన తెలుగు విద్యార్థుల అనుభవాన్ని చదివేటప్పుడూ ఈ తేడా ముఖ్యం. 2020లో మహమ్మారి వచ్చాక ఇళ్లకు చేరిన భారతీయ విద్యార్థుల్లో చాలామందికి 2022 వరకు తిరిగి ఆ నగరాల్లో అడుగుపెట్టే వీలు లేకపోయింది. అటువంటి రచనలను మజిలీల లెక్కతో తూచితే వాటిలో యాత్ర లేదనిపిస్తుంది. వసతిగృహం, తరగతి, ఆసుపత్రి వార్డు, వంటింటి సరుకుల అంగడి — మకాం సాహిత్యానికి ఇవే భూగోళం.

ఈ దృష్టితో చూస్తే సేథ్ చైనా కవితల్లో గట్టిది ‘రీసెర్చ్ ఇన్ జియాంగ్సు ప్రావిన్స్’. నాన్‌జింగ్ ఆ రాష్ట్రానికే రాజధాని. ఇందులో సోదరభావం మాట లేదు. టేపులో ఒక గొంతు ముందే కూర్చుకున్న ప్రశ్నలు అడుగుతుంది, ఆగుతుంది. పల్లెవాసి జవాబు చెబుతాడు. బతుకు పట్టికలోకి ఎక్కేటప్పుడు ఏది జారిపోతుందో వినేవాడికి తెలుసు, అయినా ప్రశ్నలు సాగుతూనే ఉంటాయి. తన వృత్తి తనకు వేసిన హద్దును ఈ పరిశోధకుడు దాచుకోడు, దాటినట్టు నటించడు. ఆ టేపులు దేనికోసం పోగయ్యాయో ఆ డాక్టరేటును సేథ్ పూర్తి చేయలేదు. వాటిలోంచి పాఠకుల చేతికి వచ్చింది ఈ కవితే.