వెల అడగని పుస్తకం

తెలుగులో కవిత్వమో కథలో పుస్తకంగా తెచ్చేవాళ్లలో చాలామందికి ప్రచురణకర్త తామే. డీటీపీ, ముఖచిత్రం, ప్రెస్సు ఖర్చు అన్నీ సొంత డబ్బే. కాపీల కట్టలు ఇంటికొస్తాయి, ఆవిష్కరణ సభ జరుగుతుంది, ఆ తర్వాత కనబడ్డవాళ్లందరికీ సంతకం పెట్టి ఊరికే ఇచ్చేయడం మొదలవుతుంది. దీన్ని ఔదార్యం అంటారు. నాకు మాత్రం అందులో జంకే ఎక్కువ కనిపిస్తుంది. వెల అడిగితే ఎదుటివాళ్లు వద్దనవచ్చు, ఊరికే ఇస్తే మొహమాటానికైనా తీసుకుంటారు. అంటే ఉచిత ప్రతి రచయితను తిరస్కారం నుంచి కాపాడుతుంది. కానీ వద్దనే వీలు లేకుండా చేతిలో పడ్డ పుస్తకాన్ని చదవాలన్న పట్టింపు ఎవరికుంటుంది? ‘అభిమానంతో’ అని రాసిచ్చిన పుస్తకాలు మడత నలగకుండా ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి చేరడంలో వింతేముంది?

సొంత పుస్తకం గురించి చెప్పుకోవడం ఆత్మస్తుతి కాదా అంటారు. ఆ భయానికి మన దగ్గర పెద్ద ఆధారమే ఉంది. భారతం కర్ణపర్వంలో ప్రాణం తీసుకోబోయిన అర్జునుడికి కృష్ణుడు చెప్పిన ప్రత్యామ్నాయం తనను తాను పొగుడుకోవడం, అదీ ఆత్మహత్యతో సమానమేనని. అయితే మన కవులు ఈ చిక్కును ఎప్పుడో దాటేశారు. మనుచరిత్ర అవతారికలో పెద్దన గొప్పతనం చెప్పేది రాయలు. రాయల నోట ఆ మాటలు పెట్టి పద్యాలల్లింది మాత్రం పెద్దనే. ఇప్పటి ముందుమాటలకూ అదే పని. నిజానికి అంత తంటా కూడా అక్కర్లేదు. ఇందులో ఏముంది, ఎవరి గురించి రాశాను, వెల ఎంత, ఎక్కడ దొరుకుతుంది అని చెప్పడానికి పొగడ్త ఒక్కటీ అవసరం లేదు. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. తర్వాతి సంపుటాలకు విజయవాడలో హోటల్ కార్మికుణ్ణీ, విశాఖలో యాచకురాలినీ పిలిచారు. ఆ కవులకు ధీమా తక్కువేమీ కాదు. అయినా అక్కడ పని చేసింది ధీమా కాదు, ఎవరి పక్షాన రాశారో ఆ సభలే చెప్పేశాయి.

మంచి రచన తనంతట తానే పాఠకుణ్ణి చేరుతుందనేది ఇంకో వాదన. మహాప్రస్థానం కవితలు చాలావరకు 1930లలో రాసినవి, పుస్తకంగా వచ్చింది 1950లో. ఈ మధ్యకాలంలో వాటిని పత్రికలు అచ్చువేశాయి, కుర్రాళ్లు నోటికి పట్టి చదివారు, 1940లోనే చలం యోగ్యతాపత్రం రాశారు. చివరికి నళినీకుమార్ పుస్తకం వేశారు. శ్రీశ్రీ కవిత్వానికే ఇంతమంది మోతగాళ్లు కావలసివస్తే, మొదటి పుస్తకం వేసుకున్నవాళ్లు నోరు మూసుకు కూర్చోవడం వినయం ఎలా అవుతుంది?

వీటన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. మధ్యలో ఎడిటర్ లేడు, వద్దనేవాడు లేడు, పుస్తకం నిజంగానే బాగోలేకపోతే? ఈ అనుమానం న్యాయమైనదే, దాన్ని పోగొట్టుకోమని నేననను. కాకపోతే దాని పని ప్రెస్సుకు వెళ్లకముందే ఉంది. సభకు పెట్టే ఖర్చులో సగం ఒక మంచి ఎడిటర్‌కిచ్చినా, మొహమాటం లేని ఇద్దరు పాఠకులకు రాతప్రతి చూపించినా అది సార్థకమవుతుంది. అచ్చయ్యాక అదే అనుమానం చేయించేది ఒక్కటే, అడక్కముందే ధర తగ్గించడం. పుస్తక మహోత్సవంలో ఒకరు పుస్తకం తిరగేసి, నాలుగు పేరాలు చదివి, తిరిగి బల్ల మీద పెట్టేసి వెళ్తే చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు. సభలో చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమంది ఆ నాలుగు పేరాలైనా చదివారు?

ఊరికే ఇవ్వాల్సిన చోట్లు కొన్ని లేకపోలేదు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త ఒక ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయానికి పంపాలి. సొంతంగా వేసుకున్న రచయితా ప్రచురణకర్తే. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాలూ ఉన్నాయి. సంతకాలు పెట్టి కట్టలు కట్టలు పంచేవాళ్లు ముందు ఈ ప్రతులు పోస్టు చేశారో లేదో చూసుకోవాలి.