పొలిమేరల మధ్య దేవతలు

ఆటగాడికి దేవుడి వేషం కట్టడం తేలిక. నాలుగు మహిమలిచ్చి, పిడుగు బొమ్మలున్న కార్డులు పంచితే పని అయిపోతుంది. ఆ దేవుడు చిన్నవాడని, అతని మహిమకు హద్దుందని ఆడేవాడికి అడుగడుగునా తెలిసేలా చేయడమే కష్టం. ఊరికే అంకెలు తగ్గిస్తే చిన్న దేవుడు పుట్టడు, నీరసపడ్డ మనిషి పుడతాడు. ఆర్. ఎరిక్ రూస్ రూపొందించగా గ్రేటర్ దేన్ గేమ్స్ సంస్థ 2017లో తెచ్చిన ‘స్పిరిట్ ఐలాండ్’ను విప్పి చూస్తే, ఈ చిక్కును అతను బలంతో కాక చోటుతోనూ సమయంతోనూ తీర్చాడని అర్థమవుతుంది.

కథ చిన్నది. ఒక దీవి. పడవల్లో వలసవాళ్ళు దిగుతారు, నేలను తవ్వుతారు, పట్టణాలు కడతారు. క్యాటన్, ప్యూర్టో రికో లాంటి పేరున్న ఆటల్లో అలా వచ్చి కట్టేది మనమే. ఇక్కడ మనం ఆ నేలనే అంటిపెట్టుకున్న నది, మెరుపు, నీడ, పచ్చదనం. ఒకరి నుంచి నలుగురి దాకా ఆడవచ్చు. గెలిచినా ఓడినా అందరూ కలిసే.

ప్రతి దేవతకూ ఒక పలక ఉంటుంది. దాని మీద రెండు వరుసల్లో చెక్క బిళ్ళలు పేర్చి ఉంటాయి. ఒక వరుస వంతుకు ఎంత శక్తి వస్తుందో చెబుతుంది, రెండోది ఎన్ని కార్డులు వేయవచ్చో చెబుతుంది. ఒక బిళ్ళను తీసి దీవి మీద పెడితే అది ఆ నేలలో మన ఉనికి. అదే క్షణంలో పలక మీద ఆ బిళ్ళ కింద దాగిన పెద్ద అంకె బయటపడుతుంది. నేల మీద పాకడం, బలం పెరగడం రెండు పనులు కావు, ఒకటే పని. మహిమలు చాలావరకు ఆ బిళ్ళలున్న చోటి నుంచి ఇన్ని నేలల దూరం అని లెక్కపెట్టుకునే సాగుతాయి. కొన్నింటికైతే ఒకే నేలలో రెండు బిళ్ళలుండాలి, అప్పుడే అది ఆ దేవతకు పుణ్యస్థలం. చెరువుకు కట్టమైసమ్మ, ఊరి నడుమ బొడ్రాయి ఉన్న చోట పెరిగినవాళ్ళకు ఈ నియమం వివరించక్కర్లేదు. వలసవాళ్ళు నేలను పాడుచేస్తే అక్కడ తెగులు చేరుతుంది, ఆ నేలలో ఉన్న ప్రతి దేవతా ఒక బిళ్ళ పోగొట్టుకుంటుంది. ఏ ఒక్క దేవతకైనా దీవి మీద ఒక్క బిళ్ళా మిగలకపోతే ఆట అందరికీ ముగిసినట్టే.

సమయంతో కట్టిన ముడి ఇంకా సొగసైనది. మహిమలు రెండు రకాలు, వేగమైనవి, నిదానమైనవి. వేగమైనవి వలసవాళ్ళు కదలకముందే తగులుతాయి, నిదానమైనవి వాళ్ళు చేయాల్సింది చేసేశాక. పెద్ద మహిమల్లో చాలావాటికి ఈ ఆలస్యం తప్పదు. దీనికి తోడు వలసవాళ్ళ కార్డు ఒకటి ఈ వంతులో అన్వేషణగా తిరగబడుతుంది, వచ్చే వంతులో అదే రకం నేలల్లో కట్టడాలు లేస్తాయి, ఆపై వంతులో అక్కడే విధ్వంసం. అంటే రెండు వంతుల ముందే కీడు కనబడుతూ ఉంటుంది. కొత్తగా ఎక్కడ దిగుతారో మాత్రం తెలియదు. ముందే తెలిసీ సమయానికి చేరుకోలేకపోవడం, ఈ ఆటలో దైవత్వమంటే నాకు తోచింది ఇదే.

రూస్ పనితనం అసలు రుచి చూడాలంటే మొదటి పెట్టెలోని ఎనిమిది దేవతలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకోవాలి. మెరుపు దేవతకు కార్డుల మీద ఉండే గాలి గుర్తులు ఎన్ని దొరికితే అన్ని నిదాన మహిమలను వేగంగా వాడే వీలుంది. కానీ మొదట చేతికొచ్చే నాలుగు కార్డుల్లో కాపాడేది ఒక్కటీ లేదు. మెరుపు మరి దేన్ని కాపాడుతుంది? భూమి దేవతది తలకిందుల లెక్క. పుణ్యస్థలమున్న ప్రతి చోటా దానంతట అదే నేలకు రక్షణ, కానీ మొదట్లో వంతుకు ఒక్క కార్డే వేయగలదు. పచ్చదనం తన బిళ్ళనొకదాన్ని చంపుకుని ఆ చోట కట్టడాన్నో విధ్వంసాన్నో ఆపేస్తుంది, తర్వాత పోయినవాటిని మళ్ళీ మొలిపించుకుంటుంది. కలుపు స్వభావాన్ని ఒక్క నియమంలో ఇంత కచ్చితంగా పట్టిన పని నేను మరెక్కడా చూడలేదు. సముద్రమైతే తీరం దాటి లోపలికి రాలేదు, దాని బిళ్ళలు ఆటుపోట్లలా ఒకసారి ఒడ్డుకు, మరోసారి నీళ్ళలోకి జరుగుతాయి. మునిగినవాళ్ళే దానికి శక్తి.

పీడకలల దేవతను చివరకు ఉంచాను. అది ఎవరినీ చంపలేదు. దాని మహిమ ఒక నగరాన్ని కూల్చాల్సిన చోట భయం మాత్రమే పుడుతుంది, నగరం నిక్షేపంగా అక్కడే ఉంటుంది. భయం వట్టి అలంకారం కాదు. మొదట్లో గెలవాలంటే వలసవాళ్ళందరినీ తుడిచేయాలి. భయం పెరిగేకొద్దీ పట్టణాలూ నగరాలూ పోతే చాలు, ఆ తర్వాత నగరాలు పోతే చాలు. భయపు కార్డులు పూర్తిగా అయిపోతే వాళ్ళే దీవి వదిలి పారిపోతారు. చంపలేని దేవత కూడా ఇలా యుద్ధం గెలుస్తుంది.

బొమ్మల్లోనూ శ్రద్ధ ఉంది. దేవతల బిళ్ళలు చెక్కవి, దీవివాసులైన దహన్‌ల గుడిసెలూ చెక్కవే. వలసవాళ్ళు, వాళ్ళ ఊళ్ళు తెల్లటి ప్లాస్టిక్, తెగులు బూడిదరంగు ప్లాస్టిక్. వేలికి తగిలినప్పుడే ఎవరిది ఏ పక్షమో తెలుస్తుంది.

నాకు నచ్చనిది దహన్‌ల సంగతి. తమ మీద దాడి జరిగి, బతికి మిగిలితేనే వాళ్ళు తిరిగి కొడతారు. తమంతట తాము దాదాపు ఏదీ మొదలుపెట్టరు, చాలావరకు ఏదైనా ఒక దేవత కదిలిస్తేనే కదులుతారు. వలస పాలనను ఎదిరించే కథలో ఆ నేల మనుషులు ఇంత మౌనంగా ఉండటం మింగుడుపడదు. ఈ లోటును కొంత పూడ్చేది ఉరుము దేవతే. అది దహన్‌లతో పాటు నడుస్తుంది, విధ్వంసంలో ఒక దహన్ చనిపోతే తన బిళ్ళ ఒకటి పోగొట్టుకుంటుంది. మిగతా దేవతలకూ ఇలాంటి బాధ్యత కొంతైనా పెట్టి ఉండాల్సింది.

మొదటిసారి ఆడేవాళ్ళు నదితోనో మెరుపుతోనో మొదలుపెట్టడం మంచిది. గుర్తులు, నియమాలు తలకెక్కడానికి ఒక సాయంత్రం పడుతుంది. సముద్రాన్నీ పీడకలలనూ అప్పటిదాకా పెట్టెలోనే ఉంచండి.