వారమునకొక సమస్య

సమస్య నిచ్చి పూరణము కోరుట తెలుగువారికి నూతన విషయము కాదు. అవధాన సభలో పృచ్ఛకుడు ఒక్క పాదము నిచ్చి తక్కిన మూడింటిని పూరింపుమనుటయు, నిషిద్ధాక్షరిలో అక్షరమక్షరమునకు అడ్డు తగులుచు కవి శక్తిని పరీక్షించుటయు, సభాసదులు ఆ ప్రతిభను కనులార చూచి హర్షించుటయు మన సాహిత్యజీవనమున చిరకాలముగ సాగుచున్న ఆచారములే. ఒక్క పాదమునకు పదిమంది కవులు పది విధముల పూరణములు చెప్పగలరు. ఏ పూరణమునందలి సొగసు దానిదే. ప్రతిఫలాపేక్ష లేక కేవలము విద్యపై గల ప్రీతిచే ప్రోగ్రాములు వ్రాయు స్వచ్ఛంద ప్రోగ్రామర్ల నడుమ నేడు అట్టి ఆచారమే వేరూనియున్నది. క్రమము తప్పక ఒక చిన్న సమస్యను ప్రకటించుట, ఎవరికి తోచిన రీతిని వారు దానిని సాధించుట, సాధించిన దానిని నలుగురి ముందుంచుట అనునవి దాని మూడంగములు. దాని పద్ధతిని వివరించి, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు వంటి బహుభాషాసీమకు దానివలన కలుగగల మేలును నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

ప్రోగ్రాముల పోటీలకు అర్ధశతాబ్దమునకు మించిన చరిత్ర కలదు. 1970లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున విశ్వవిద్యాలయ విద్యార్థులకు జరిగిన పోటీ నుండి ఐసీపీసీ అను అంతర్జాతీయ పోటీ పుట్టినది. 2001లో గణితప్రధానమైన ప్రాజెక్ట్ ఆయిలర్, 2009లో మన దేశముననే కోడ్‌షెఫ్, 2015లో డిసెంబరు దినములకు దినమున కొక చిక్కుప్రశ్న నిచ్చు అడ్వెంట్ ఆఫ్ కోడ్ వెలసినవి. అయితే గెలుపోటములను, కాలమానమును ప్రక్కకు నెట్టి, నేర్చుకొనుటయే పరమార్థముగ సాగు సంప్రదాయమునకు చక్కని ఉదాహరణము 2019 మార్చిలో మహమ్మద్ సాజిద్ అన్వర్ నెలకొల్పిన పెర్ల్ వీక్లీ ఛాలెంజ్. భాషాశాస్త్ర మభ్యసించిన లారీ వాల్ 1987లో వెలువరించిన పెర్ల్ భాషకు, ఒక పనిని చేయు మార్గము ఒక్కటే కాదనునది మూలసూత్రము. ఆ సూత్రమునకు ఈ వారపు సమస్యలకంటె తగిన నిదర్శనము దొరకదు. సోమవారమున రెండు సమస్యలు వెలువడును. ఆదివారము లోపల పూరణములు చేరవలెను. పెర్ల్, రాకు భాషలు ముఖ్యములైనను, పైథాను మొదలగు అన్య భాషలకును అతిథి మర్యాద కలదు. అందరి పూరణములును గిట్‌హబ్‌లో ఒకే భాండారమున చేరి, ఎవరైనను చదువుకొనుటకు శాశ్వతముగ నిలిచియుండును. 2024 డిసెంబరునాటికి ఈ పరంపర మూడు వందల వారములను పూర్తి చేసికొన్నది.

ఇట్టి దీర్ఘాయువునకు కారణము క్రమబద్ధత. బస్తరులో అడవి పల్లెలవారు తమ వారపు సంత దినమును మరువనట్లే, ఈ సమస్యలను పూరించు దూరదేశస్థులు సోమవారమును మరువరు. సంత తప్పక జరుగునను నమ్మకమే జనమును రప్పించును. ఒక వారము రాలేనివాడు మరుసటి వారము వచ్చును; అతనిని ఎవరును నిలదీయరు.

సమస్యను కూర్చుటయు నొక కళయే. అది చిన్నదై యుండవలెను. ఉద్యోగము ముగించుకొని ఇల్లు చేరినవాడు సాయంకాలమున ఒకటి రెండు గంటలలో సాధింపగలిగినదై యుండవలెను. ఇన్‌పుట్ ఇదియనియు, రావలసిన అవుట్‌పుట్ ఇదియనియు మూడు నాలుగు ఉదాహరణములు స్పష్టముగ నీయవలెను. శూన్యమైన పదము, ఒంటి అక్షరము, ఋణసంఖ్య వంటి అంచు సందర్భములను సమస్యాకర్త ముందుగనే ఊహింపవలెను. వారపు సమస్యలు రెండింటిలో ఒకటి ఆరంభకునికి ధైర్యమిచ్చునదియు, రెండవది అనుభవజ్ఞుని కించుక ఆలోచింపజేయునదియు అయినచో సభ నిండును. పూరణమున కొకడు సంక్షిప్తతను, వేరొకడు వేగమును, మరియొకడు చదువరికి సుబోధమగు స్పష్టతను ఆశ్రయించును. ఈ మూడు త్రోవలను ప్రక్కప్రక్కన నుంచి చదివినవాడు, పాఠ్యగ్రంథము చెప్పజాలని వివేకమును సంపాదించును.

ఒక్క ఉదాహరణము చూతము. 'ఇచ్చిన పదమును తలక్రిందులు చేయుడు' అనునది అతి సులభమైన సమస్యగ కనుపించును. 'దంతేవాడ' అను పేరు నిచ్చితిమనుకొందము. కంటికి నాలుగక్షరములే అయినను యూనికోడ్‌లో అది ఏడు సంకేతములు: ద, సున్న, త, ఏత్వము, వ, దీర్ఘము, డ. ఆ సంకేతములను వట్టిగ త్రిప్పివ్రాసినచో 'డావేతంద' అని వచ్చును. చూపునకు అది చక్కని తెలుగు పదము వలెనే యున్నది గాని, గుణింతములన్నియు తమ హల్లులను విడిచి పరుల పంచను చేరినవి. రావలసినది 'డవాతేదం'. పెర్ల్ భాషలో మామూలు రివర్స్ ఈ దోషమునకు లోనగును. అక్షరసముదాయమును గుర్తించు ప్రత్యేక చిహ్నముతో పదమును విడదీసి త్రిప్పినచో దోషము తొలగును. రాకు భాష అక్షరసముదాయమునే ప్రమాణముగ గైకొనును గనుక అచ్చట ఒక్క మాటతోనే పని జరుగును. అయినను 'బస్తర్' నిచ్చినచో మరల చిక్కే. 2023లో యూనికోడ్ 15.1 వెలువడువరకు, 'స్త' వంటి సంయుక్తాక్షరమును ఒక్కటిగ గ్రహింపవలెనను నియమము ఆ ప్రమాణమున లేదు. రోమను లిపి మాత్రమే ఎరిగిన ప్రోగ్రామరు ఎన్నేండ్లు పనిచేసినను తెలియని ఈ సత్యము, ఒక చిన్న సమస్యవలన ఒక్క సాయంకాలమున తెలియును.

బస్తరు సంగతి ఇచ్చటనే స్ఫురించును. ఏడు జిల్లాల ఆ విభాగమున గోండీ, హల్బీ, దోర్లీ మొదలగు భాషలు పలుకబడుచున్నవి; దక్షిణపు టంచున కోంట, భోపాలపట్నం ప్రాంతములలో తెలుగును వినవచ్చును. ఓరుగల్లు పతనానంతరము కాకతీయ వంశీయుడగు అన్నమదేవుడు వచ్చి రాజ్యము స్థాపించిన సీమ యది. గోండీ మన తెలుగునకు దగ్గరి చుట్టము. 2011 జనగణనములో సుమారు ముప్పది లక్షలమంది దానిని మాతృభాషగ చెప్పికొనిరి. అయినను యంత్రములకు నేర్పుటకు తగిన పాఠసామగ్రి దానికి మిక్కిలి స్వల్పము. 2010లో శుభ్రాంశు చౌధరి ఆరంభించిన సీజీనెట్ స్వర, మామూలు ఫోనులోనే తమ భాషలో తమ కష్టసుఖములను చెప్పికొను వసతిని ఈ అరణ్యవాసులకు కలిగించినది. అటుపిమ్మట పరిశోధకులును, గోండీ ప్రజలును కలిసి నిఘంటువు, పిల్లల కథలు, ఫోను కార్యక్రమములు మున్నగువాని మూలమున కూర్చిన అనువాదములు పండ్రెండు వేలకు కొంచెము తక్కువ. ముందు ముందు అనువాదమునకు తోడ్పడగలవారిగ గుర్తింపబడినవారు 650 మందికి పైబడిరి. గిరిజన వ్యవహారముల మంత్రిత్వశాఖ 2025లో వెలువరించిన 'ఆది వాణి' అనువాద సాధనమునందును గోండీకి చోటు దొరకినది.

ఇవి యన్నియు శ్లాఘనీయములే. కాని పెద్ద పథకమునకు వెనుక వేయి చిన్న పనులుండును. ఆ చిన్న పనులే వారపు సమస్యలకు తగినవి. ఛత్తీస్‌గఢ్‌లో నాగరి లిపిలోను, తెలంగాణమున తెలుగు లిపిలోను గోండీని వ్రాయుచున్నారు. మసరాం గోండీ లిపికి 2017లోను, ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామపు వ్రాతప్రతులవలన వెలుగు చూచిన గుంజాల గోండీ లిపికి 2018లోను యూనికోడ్‌లో స్థానము లభించినది. నాగరి సంకేతమునకు 768 కలిపినచో సామాన్యముగ అదే ధ్వనిగల తెలుగు సంకేతము వచ్చును. ఇంత సులువా యని మురిసినవానికి వెంటనే చిక్కు ఎదురగును: నాగరిలో 'బస్తర్' తుది హల్లునకు పొల్లు వ్రాయరు గనుక మార్పు చేసినప్పుడు 'బస్తర' అని వచ్చును, హిందీ వ్రాతలో హ్రస్వములైన ఎకార ఒకారములకు గుర్తులు లేవు గనుక అవియు తెలుగులో దీర్ఘములై కూర్చుండును. ఈ చిక్కులను విడదీయు నియమములను పదిమంది పది విధముల వ్రాసి చూపినచో, ఉత్తమమైనది నిలుచును, తక్కినవి బోధించును.

పోటీ తాత్కాలికోత్సాహము నిచ్చును. పరంపర విద్యను నిలబెట్టును. తెలుగు ప్రోగ్రామర్లారా, పొట్టకూటికై వ్రాయు కోడులో ఎన్నడును తారసపడని ఈ అక్షరముల చిక్కులు మీకు బాల్యము నుండి పరిచితములు. వారమున కొక సాయంకాలము కేటాయించి, గోండీకి, హల్బీకి, దోర్లీకి పనికివచ్చు చిన్న సమస్యలను ఆ భాషీయుల నడిగి తెలిసికొని ప్రకటింపుడు, వారితో గూడి పూరింపుడు, పూరణములను అందరికిని అందునట్లు ఉంచుడు. తొలి వారమున ముగ్గురే వచ్చినను రెండవ వారపు సమస్యను మానకుడు.