వంత పాడువారెవరు?



కొన్ని నెలల క్రిందట ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత మా సంఘపు పెద్ద యొకరు నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, మీరు పాలంపేటకు పాటకచేరి వినబోయిండ్రని ఊరంత అనుకుంటున్నరు. గుడికాడి డోళ్లు మనకెందుకు?" అని మెల్లగా అడిగెను. ఆయన కోపముతో అడుగలేదు, నాయందలి ప్రేమతో అడిగెను. నిలువుకాళ్ల మీద నేను చెప్పిన జవాబు చాలలేదని నాకే తోచెను. కనుక దానిని ఇక్కడ నిదానముగా వ్రాయుచున్నాను. వ్రాయబూనగా ఆ జవాబు ఆయనకంటె ముందు నాకే తగిలినది. అదియు దాచక చెప్పెదను.

నాకు సంగీతమనగా చిన్ననాటి నుండియు ఆశ. పాండిత్యము లేదు. హార్మోనియము మెట్లమీద నాలుగు కీర్తనలు పలికించుటకు మించి చేతకాదు. కాని వినుటకు ఎంత దూరమైనను పోవుదును. ఒగ్గుకథ, చిందు యక్షగానము, బుర్రకథ, పెండ్లి బ్యాండు, సినిమా పాటల ఆర్కెస్ట్రా, మన సువార్త సభలలోని పాటకుల గుంపు, ఏది దొరికినను దాని ముందు గోనెసంచి పరచుకొని కూర్చుండువాడను. ఇట్లు ముప్పది సంవత్సరములుగా వినుచున్నవాని మాటలుగా వీటిని తీసికొనుడి.

పాలంపేట పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. ఇప్పుడు ములుగు జిల్లాలో నున్నది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి అక్కడ నున్నది. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది మొదలు చూడవచ్చువారు ఎక్కువైరి. వచ్చినవారు నీటిపై తేలెడు ఇటుకలను గూర్చియు, ఇసుక నింపిన పునాదిని గూర్చియు చెప్పుకొందురు. నేను మాత్రము రాతిలోని వాద్యగాండ్రను చూచితిని. నాట్యమాడు స్త్రీల ప్రక్కన మద్దెల వాయించువారిని శిల్పులు చెక్కియున్నారు. మద్దెల వానికి నర్తకి మీదనే దృష్టి. నర్తకికి మద్దెల మీదనే చెవి. ఎనిమిది వందల ఏండ్లుగా ఒకరి నొకరు వినుచు నిలిచియున్నారు.

అదే రాజు కొలువులో గజసేనకు అధిపతిగా నుండిన జాయప సేనాని, 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళి అను గ్రంథమును సంస్కృతమున ఎనిమిది అధ్యాయములుగా రచించెను. అందులో పేరిణి అను నృత్యమును గూర్చి వ్రాసెను. కాలక్రమమున అది మరుగున పడిపోగా, నటరాజ రామకృష్ణ గారు (1923-2011) ఆ గ్రంథమును, ఈ శిల్పములను పరిశోధించి, డోళ్ల మ్రోతతో దానిని మరల రంగము మీదికి తెచ్చిరి. కాబట్టి పాలంపేటలో డోలు మ్రోగుట నిన్న మొన్నటి వేడుక కాదు.

ఇక మన పెద్దగారి ప్రశ్న. నేను అక్కడికి మ్రొక్కబోలేదు, వినబోతిని. ఆ రెంటికిని గల భేదము ఎరుగనంత పసివాడను కాను. మరియు మన కీర్తనల పుస్తకమును ఒకసారి తెరచి చూడుడి. పాటకు పైన రాగము పేరు, తాళము పేరు అచ్చువేయబడి యుండును. ఆ రాగతాళములు సీమ నుండి ఓడమీద రాలేదు. పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) మన సంఘములకు నూటికి పైగా కీర్తనలను ఇచ్చినప్పుడు, ఇరుగు పొరుగు వారు పాడుకొను రాగములలోనే ఇచ్చిరి. డోర్నకల్ బిషప్ అజరయ్య గారి కాలములో (1912-1945) మన ప్రక్క పల్లెల సంఘములు పాటను నేర్చుకొన్నది దేశీయమైన బాణీలతోనే. 150వ కీర్తనలో బూర మొదలు తాళముల వరకు పేర్కొనబడిన వాద్యములు కూడ ఒక్క యూదులకే సొంతమైనవి కావు గదా. పొరుగువాని డోలు విన్నంత మాత్రమున మన విశ్వాసము పగులదు. విని ఏమి నేర్చితిమి అనునది అసలు ప్రశ్న. నేను విన్న మూడింటిని మీ ముందుంచెదను.

మొదటిది, 2023 ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినమున రామప్ప చెంత జరిగిన పెద్ద సంగీతోత్సవము. సంగీత దర్శకుడు తమన్ గారు, డ్రమ్స్ శివమణి గారు మొదలైనవారు వచ్చిరి. శివమణి గారు దొరికిన వస్తువు నెల్ల వాద్యముగా మార్చుకొనగలవారని లోకమెరుగును. అట్టివారి చేతి క్రింద తాళము ఎట్లు పుట్టునో చూడవలెనని నేను పోతిని. చాల వెనుక నిలుచుంటిని. నా ముందు జేబుఫోనులు పైకి లేచియున్నవి. సిగ్గుతో చెప్పుచున్నాను, నేనును నా ఫోనును పైకెత్తితిని. ఇంటికి వచ్చి దానిని తెరచి చూడగా అందులో గరగర శబ్దమును, నా ఊపిరియు, ప్రక్కవాని దగ్గును మాత్రమే యుండెను. వాయించినవారిలో లోపము లేదు. వారు తమ పనిని చేసిరి. నా పని వినుట. ఆ పనిని నేను ఒక యంత్రమునకు అప్పగించి, ఊరక నిలుచుంటిని. మరునాడు మా అబ్బాయి, "ఏం వాయించిండ్రు నాయనా?" అని అడిగినప్పుడు ఒక్క దరువైనను నోట రాలేదు.

రెండవది చిన్న సంగతి. వేరొక సంవత్సరము పాలంపేటకే పోతిని. పేరిణి ఆడెడు కుర్రవాండ్ర గుంపు సాయంకాలపు ప్రదర్శనకై మధ్యాహ్నము చెట్టుక్రింద అభ్యాసము చేయుచుండిరి. మైకు లేదు, వెలుగుదీపములు లేవు. మద్దెల వాయించువానికి నాలుగు బారల దూరములో కూర్చుంటిని. ఎడమ మూత నుండి వచ్చు బరువైన నాదము వేరు, కుడి మూత నుండి వచ్చు కంచు వంటి పలుకు వేరు. గురువు నోటితో జతులు చెప్పుచుండగా ఒక్కొక్క అక్షరము కుర్రవాని మడమలోనికి దిగుట కనబడుచుండెను. ఒకడు తప్పెను. గురువు ఆపలేదు, ఆ జతినే మరల చెప్పెను. కుర్రవాడు దానిని పట్టుకొనగానే చుట్టునున్న మేము పదిమందిమి మాకు తెలియకయే "ఆఁ" అంటిమి.

ఆ రాత్రి అదే గుంపు, అదే మద్దెల, అదే జతులు. కాని మద్దెల మూతి దగ్గర మైకు, వేదికకు ఇరుప్రక్కల మనిషి ఎత్తు పెట్టెలు. కుడి పలుకును ఎడమ పలుకును కలిసిపోయి ఒకే గుభేలు శబ్దమాయెను. నా రొమ్ము అదిరినది గాని చెవికి ఏమియు అందలేదు. జతి తప్పినను తెలియదు, కుదిరినను తెలియదు. జనము గట్టిగా చప్పట్లు కొట్టిరి. శబ్దము ఆగినప్పుడు కొట్టిరే గాని తాళము కుదిరినప్పుడు కొట్టలేదు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో పిల్లనగ్రోవి, వీణల మాట ఎత్తిన చోటు నాకు ఆ రాత్రి జ్ఞాపకమునకు వచ్చెను. స్వరములలో భేదము తెలియనిచో వాయించినది ఏదో వినువాడు ఎట్లు ఎరుగునని ఆయన అడుగుచున్నాడు. ఆ ప్రశ్నను భాషలను గూర్చి వేసెను గాని, వాయిద్యము నెరిగినవాడే అట్టి ఉపమానము చెప్పగలడు.

మూడవది ఒగ్గుకథ. మన వరంగల్లు ప్రాంతములో దీనిని విననివారుండరు. కురుమ, గొల్ల కులముల వారి కళ. మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పుదురు. జనగామ ప్రాంతమునకు చెందిన చుక్క సత్తయ్య గారు దీనిని దేశమంతటికి వినిపించి, 2017లో కన్నుమూసిరి. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఒక్కడే చెప్పుకొని పోడు. ప్రక్కన వంతవాడుండును. కథకుడు ఒక మాట విసరిన, వంతవాడు దానిని అందుకొని, అవునని ఊకొట్టి, ప్రశ్న వేసి, నవ్వించి, తిరిగి అప్పగించును. వంతవాడు లేనిచో కథ నడువదు. మా ప్రక్క ఊరిలో ఒక రాత్రి నేను వినుచుండగా, నడిజాము దాటిన తరువాత వంతవాని గొంతు బొంగురుపోయెను. అప్పుడు ముందు వరుసలో కూర్చున్న ముసలివారు ఆ వంతను తామే అందుకొనిరి. వారికి కథ అంతయు వచ్చును. కథకుడు వారివైపు తిరిగి కూర్చుండి తెల్లవారువరకు చెప్పెను. ఆ కచేరిని ఎవరు చేసిరి? కథకుడా, ముసలివారా? నేను చెప్పలేను.

చదువరులారా, ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు నాకు ఒక కొలత దొరికినది. కచేరి గొప్పదా చిన్నదా అనునది వేదిక ఎత్తును బట్టి గాని, పెట్టెల లెక్కను బట్టి గాని, వచ్చినవారి పేరును బట్టి గాని తేలదు. విన్నవాని నోట ఏమి మిగిలినదో దానిని బట్టి తేలును. వినువానిని వంతవానిగా చేసిన పాట మంచి పాట. వినువాని నోరు మూయించిన పాట ఎంత గొప్ప విద్వాంసునిదైనను సగము పాటయే.

ఇప్పుడు నన్ను గూర్చి చెప్పవలెను. నాలుగేండ్ల క్రిందట మా ప్రార్థన మందిరమునకు కీబోర్డును, రెండు పెద్ద పెట్టెలను తెప్పించినవాడను నేనే. పట్టణపు సంఘములలో ఉన్నవి, మనకేల ఉండరాదని పట్టుపట్టి చందా ఎత్తితిని. పిల్లలు సంతోషించిరి, నేనును సంతోషించితిని. అంతకు మునుపు మాకు ఒక ఢోలకు, రెండు జతల తాళములు, ఒక ముసలి అవ్వ గొంతు ఉండెడివి. అవ్వకు చదువు రాదు. పుస్తకములోని కీర్తనలలో సగము ఆమెకు కంఠస్థము. ఆమె ఎత్తుకొనిన శ్రుతిలోనే సంఘమంతయు పాడెడిది. పెట్టెలు వచ్చిన కొన్ని వారములకు ఆమె పాడుట మానుకొన్నదని చాల ఆలస్యముగా గమనించితిని. ఇంటికి పోయి ఎందుకని అడిగితిని. ఆమె చాటలో బియ్యము ఏరుచు, తల ఎత్తక, "ఆ డబ్బనే మంచిగ పాడుతున్నది గద అయ్యగారూ, ఇగ నా గొంతెందుకు?" అనెను.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆమె నిజముగానే అట్లు తలంచెను. ఆ తలంపును ఆమెలో పుట్టించినది నేను. ఢోలకు వాయించు పెద్దాయన కూడ తన ఢోలకును ఇంటి దూలమునకు తగిలించెను. దాని తోలు సడలిపోయినది. పాలంపేటలో ఆ రాత్రి మద్దెలను మ్రింగిన పెట్టెలను చూచి పండ్లు కొరికిన నేను, నా మందిరములో అదే పని చేసియుంటిని.

పెట్టెలను పగులగొట్టుడని నేననను. వేలమంది కూడిన సభలో మైకు లేనిదే వాక్యము వినబడదు. శ్రుతి నిలుపుటకు కీబోర్డును తోడ్పడును. యౌవనస్థుల ఆసక్తిని ఆర్పుట కూడ తగదు. నేను చెప్పునది ఇంతే. పాడుచుండగా నీ ప్రక్కవాని గొంతు నీకు వినబడవలెను. వినబడనిచో పెట్టె శబ్దమును తగ్గింపుడి. వాయించు బిడ్డ మొదట సంఘమును వినవలెను, తరువాత వాయింపవలెను. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయములో నేర్పరులైన గాయకులు 288 మంది అని లెక్క యున్నది. గురువు, శిష్యుడు అను భేదము లేక వారందరు తమ వంతులకై చీట్లు వేసికొనిరి. నేర్పు కావలెను, ఆ నేర్పులో చిన్నవానికిని వంతు ఉండవలెను.

అట్లే మీ ఊరి ప్రక్కన ఒగ్గుకథయో, బుర్రకథయో, చెట్టుక్రింద మద్దెల అభ్యాసమో జరిగినచో పోయి వినుడి. దగ్గరగా కూర్చుండుడి. ఫోనును జేబులో నుంచుడి. ఇంటికి వచ్చిన తరువాత మీ పిల్లలు ఏమి విన్నారని అడుగగా, ఒక్క దరువైనను, ఒక్క పదమైనను మీ నోటితో పలుకగలిగితిరా చూచుకొనుడి. ఆ దరువు మీతో వచ్చినచో కచేరి జరిగినట్లే.

నేను వేదాంత కళాశాలలో చదువుచున్న దినములలో స్నేహితులతో కలిసి మొదటిసారి రామప్పను చూడబోయినప్పుడు, గర్భగుడి ద్వారము చెంతనున్న వేణుగోపాలుని శిల్పమును వ్రేలితో మీటి, రాయి స్వరము పలుకునని ఒకాయన మాకు చూపెను. దూరముగా నిలుచున్న నాకు ఏమియు వినబడలేదు. "చెవి దగ్గరకు తేవాలె బాబూ" అని ఆయన అనెను. తెచ్చినప్పుడు వినబడినది.

గత మూడు నెలలుగా మా మందిరములో ప్రతి నెల మొదటి ఆదివారమున పెట్టెలు ఆపివేయుచున్నాము. మొదటిసారి అయిదారు గొంతులు మాత్రము లేచి, రెండవ చరణములో శ్రుతి చెదరిపోయెను. యౌవనస్థులు ఒకరి ముఖము నొకరు చూచుకొనిరి. ఢోలకునకు క్రొత్త తోలు వేయించితిమి. అవ్వ ఇంకను నోరు విప్పలేదు. కాని ఈ నెల ఆమె వ్రేళ్లు ఒడిలో తాళము వేయుచుండుట నేను వేదిక మీద నుండి చూచితిని. మా పెద్దగారును చూచిరి.