చక్రం లేచినప్పుడు చూడాలె

అనంతగిరి కొండల్లో ఎర్రమట్టి దారి దిగుతుంటే ముందు వాసన తగిలింది. కాలిన రబ్బరు వాసన. బండి ఆపి వంగి చూస్తే వెనక టైరు గుబ్బల అంచులు ఒక పక్క అద్దంలా నునుపెక్కాయి. సైలెన్సర్ లోపలి వైపు నల్లటి చార. అంతకు వారం ముందే 120/80-18 టైరు తీయించి 120/90-18 వేయించుకున్నాను. మారింది ఒక్క అంకె. 120 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆ వెడల్పులో నూటికి 80 పాళ్లు టైరు గోడ ఎత్తు, అంటే 96 మి.మీ. అదే 90 పాళ్లయితే 108. ఇరుసు నుంచి టైరు అంచు 12 మి.మీ. పైకి జరిగిందన్నమాట. ఇంటి దగ్గర స్టాండు మీద చూసినప్పుడు మాత్రం సైలెన్సర్‌కీ టైరుకీ మధ్య చెయ్యి దూరేంత సందు కనిపించింది.

మట్టి బళ్లకు ఈ తగాదా పాతదే. 1962లో వచ్చిన హోండా సీఎల్72 స్క్రాంబ్లర్‌లో రెండు పైపులూ ఎడమ పక్కన ఎత్తుగా సాగుతాయి. రాళ్లు తగలకూడదు, వాగు దాటేటప్పుడు నీళ్లు చొరకూడదు, అందుకు. అప్పట్లో వెనక చక్రం పైకి లేచేదే తక్కువ కాబట్టి ఇబ్బంది లేకపోయింది. తర్వాత బెల్జియం ఇంజినీరు లూసియన్ టిల్కెన్స్ ఆలోచించిన ఒంటి షాకర్‌ను యమహా తీసుకుంది. ఆ షాకర్ ఉన్న యమహా బండి మీద హాకన్ ఆండర్సన్ 1973లో 250 సీసీ ప్రపంచ మోటోక్రాస్ టైటిల్ గెలిచాడు. అక్కణ్ణుంచి చక్రం కదలిక పెరుగుతూ పోయి, ఇవాళ్టి పెద్ద మోటోక్రాస్ బళ్లలో 300 మి.మీ. దాకా వచ్చింది. రాయిని తప్పించుకోవడానికి పైకెక్కిన పైపుకి, పైకి లేచే చక్రం ఎదురైంది.

బండి తీసుకెళ్తే మా మెకానిక్ సైలెన్సర్ వైపు చూడనే లేదు. “స్టాండు మీద చూస్తే ఏం తెలుస్తది తమ్మీ? చక్రం పైకి లేచినప్పుడు చూడాలె” అంటూ షాకర్ విప్పారు. స్ప్రింగు తీసేసి, ఉత్త షాకర్‌ను బంప్ రబ్బరుతో సహా మళ్లీ బిగించారు. ఇప్పుడు చక్రాన్ని చేత్తో ఎత్తొచ్చు, షాకర్ హద్దు ఎక్కడో అక్కడే ఆగుతుంది. షాకరే లేకుండా ఎత్తితే ఆ హద్దు దాటిపోయి లెక్క తప్పుతుంది. ఇంట్లోంచి చపాతీ పిండి ముద్ద తెప్పించి సైలెన్సర్ లోపలి వైపు అతికించారు. చక్రం పైదాకా ఎత్తి, నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి దించారు. పిండిలో గుబ్బల అచ్చు పడింది. అచ్చు అడుగున అగ్గిపుల్ల గుచ్చి కొలిస్తే 2 మి.మీ.

అదీ నాకున్న అసలు సందు. దాన్ని తినేసేవి ఎన్నో ఉన్నాయి. గట్టిగా దూకినప్పుడు బంప్ రబ్బరు నలుగుతుంది, చక్రం ఇంకాస్త లేస్తుంది. వేగానికి టైరు ఉబ్బుతుంది. మీటరు పొడవు ఉక్కు పైపు 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మి.మీ. సాగుతుంది. చివర గట్టిగా బిగించేసి ఉంటే ఆ సాగుడు పక్కకి వంపుగా తిరుగుతుంది. బ్రాకెట్‌కి రబ్బరు బుష్ పెట్టేది ఇందుకే, లేకపోతే వెల్డింగ్ దగ్గర పగులుతుంది.

ఇక్కడే మంచి పనివాడి ఓపిక కనిపిస్తుంది. పైపు మీద చెయ్యి వేసే ముందు మిగతావన్నీ చూడాలి. చక్రాన్ని పక్కలకు ఊపితే స్వింగ్ ఆర్మ్ బేరింగుల్లో ప్లే ఉందా? పుల్లలు వదులై రిమ్ము అవుట్ కొడుతోందా? చైను అడ్జస్టర్లు రెండు పక్కలా ఒకే గీత మీద ఉన్నాయా? బండి పడినప్పుడు సబ్‌ఫ్రేమ్ లోపలికి వంగిందా? చాలాసార్లు తప్పు పైపుది కాదు. నా బండికి సబ్‌ఫ్రేమ్ కొంచెం వంగే ఉంది. వెనక నుంచి దారం లాగి చూపిస్తే తప్ప నాకు తెలియలేదు.

అవన్నీ సరిచేశాక బెండు పైపు నుంచి చివరిదాకా నట్లన్నీ వదులు చేసి, కొత్త గ్యాస్కెట్ వేసి, పైపు దానంతట అది కూర్చున్నాక ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. బ్రాకెట్ దగ్గర వాషర్లు వేస్తే సైలెన్సర్ నాలుగైదు మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. అదీ చాలకపోతేనే పైపు వంచడం.

వంచడంలో పాత పద్ధతి నాకు చాలా ఇష్టం. ఇసుకను మూకుట్లో బొరుగులకు వేయించినట్టు వేయించి, తేమ చుక్క లేకుండా ఆరబెట్టి, పైపులో తట్టి తట్టి నింపుతారు. తేమ మిగిలితే ఆవిరికి బిరడా తుపాకి గుండులా ఎగురుతుంది. రెండు వైపులా కొయ్య బిరడాలు కొట్టి, వంపు రావాల్సిన చోట ఎర్రగా కాల్చి, నిదానంగా లాగుతారు. లోపల ఇసుక ఉంది కాబట్టి పైపు గొంతు నొక్కుకుపోదు. తొందర ఉన్నవాళ్లు V ఆకారంలో ముక్క కోసి, టాకాలు కొట్టి, బండికి బిగించి చూసుకుని ఆర్గాన్ వెల్డింగ్ చేయిస్తారు. అదీ మంచి పనే. సుత్తితో సొట్ట పెట్టడం మాత్రం పని కాదు.

ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బళ్లున్నవాళ్లు దీన్ని మరీ గట్టిగా పట్టించుకోవాలి. వాటి సైలెన్సర్ పొగ పోయే గొట్టం మాత్రమే కాదు. లోపలి నుంచి తిరిగొచ్చే పీడన తరంగం, బయటికి జారబోయే పెట్రోలు గాలిని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ 1950లలో ఆ గొట్టం ఆకారానికి పదును పెట్టాడు. టైరుకి దారి ఇవ్వడానికి దాని పొట్ట నొక్కితే బండి ఊపిరి నొక్కినట్టే.

సాయంత్రానికి నా బండికి మళ్లీ పిండి అతికించారు. చక్రం ఎత్తి తిప్పి దించారు. ఈసారి అగ్గిపుల్ల మీద 14 మి.మీ. వచ్చింది. నేను సంతోషపడేలోపే అడిగారు: “వానల్ల నల్లరేగడిలకు పోతవా?”

పోతానన్నాను. టైరుకి వేలెడు మందం పట్టుకునే మట్టి అది. ఆయన పిండి గీకేసి, బ్రాకెట్ బోల్టు మళ్లీ వదులు చేసి, డబ్బాలో ఇంకో రెండు వాషర్ల కోసం వెతకడం మొదలుపెట్టారు.